జేబుల పాట

జూన్ 3, ఆదివారం

ప్రతి కొత్త సినిమాకీ ఒక కొత్త డైరీ కొంటాను. మూడు వారాలు రాసి అటక మీద పడేస్తాను. ఈసారి అలా కాదు, జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవాలి. పందొమ్మిదేళ్ళుగా నోరు మూసుకున్నవాడికి కనీసం కాగితమైనా ఉండాలి కదా.

పందొమ్మిదేళ్ళంటే పెద్దాయన దగ్గర అసిస్టెంటుగా చేరినప్పటినుంచి. ఆయన సంగీత దర్శకుడు. కళ్ళు మూసుకుని, చెయ్యి గాల్లో తిప్పి, "ఇక్కడ ఏదో ఒకటి కావాలోయ్" అంటారు. ఆ ఏదో ఒకటి ఏమిటో నేను కనిపెట్టి, వయొలిన్లకి వేరే, వేణువుకి వేరే స్వరాలు రాసి స్టాండ్ల మీద పెడతాను. తెర నిండా ఆయన పేరు పడుతుంది. నాది చివర్లో, డ్రైవర్ల పేర్ల పక్కన, జనం కాళ్ళతో చెప్పులు వెతుక్కునే సమయంలో పరిగెడుతుంది. నా పేరు నేనే పూర్తిగా చదవలేకపోయాను ఇంతవరకూ.

కొత్త సినిమా ఒక కవి ప్రేమకథ. రెండు వందల ఏళ్ళ కిందటి మాట. నదికి ఇవతల కవి, అవతల పడవవాడి కూతురు. ఆమె మాట్లాడే మామూలు మాటలే కవి పద్యాలుగా రాసుకుంటాడు. రాజు సభలో చదివి మెప్పు పొందుతాడు. అవి ఎవరి మాటలని రాజు అడిగితే ఆమె పేరు మాత్రం చెప్పడు. చివర్లో ఆమె క్షమిస్తుంది.

"అయితే వాడు దొంగన్నమాట," అన్నాను.

"ప్రేమికుడండీ," అన్నాడు దర్శకుడు. ముప్పయి దాటని మనిషి, అన్నిటికీ తొందరగా కరిగిపోతాడు.

దొంగే. అలాంటి ఒకాయన దగ్గర పందొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను, నాకు తెలీదా.

జూన్ 6, బుధవారం

పదకొండు ట్యూన్లు వినిపించాం. దర్శకుడికి ఒక్కటీ నచ్చలేదు. కీబోర్డు వాయించబోతే ఆ కాలంలో కీబోర్డు లేదన్నాడు. ఆ కాలంలో నువ్వూ లేవు నాయనా అనబోయి మింగేశాను.

జూన్ 9, శనివారం

ట్యూన్ దొరికింది.

పెద్దాయనకి పంటి నొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళారు. గదిలో నేనూ దర్శకుడూ మాత్రమే. అతను కిటికీ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. నేను హార్మోనియం ముందు ఊరికే కూర్చున్నాను. వేళ్ళు వాటంతట అవే కదిలాయి. నాలుగు లైన్ల పల్లవి. మొదటి రెండూ సాఫీగా పోతాయి. మూడోది చివరికి వచ్చేసరికి తాళం ఇంకా మిగిలి ఉండగానే తెగిపోయినట్టు ఆగుతుంది. ఒకటిన్నర మాత్ర ఖాళీ. ఆ తర్వాత ఏమీ జరగనట్టు నాలుగో లైను.

దర్శకుడు ఫోను జేబులో పెట్టేశాడు. "మళ్ళీ వాయించండి." వాయించాను. "అక్కడ ఆగింది చూడండి, అక్కడే ఉన్నాడు సార్ నా కవి. ఎలా తట్టింది మీకు?"

"అలా వచ్చేసింది," అన్నాను.

నిజంగా అలాగే వచ్చింది.

పెద్దాయన బుగ్గ పట్టుకుని తిరిగొచ్చి, విని, తల ఊపారు. "నిన్న నేను అనుకున్నది ఇదేనోయ్. నీకు చెప్పానా, లేదా?" అన్నారు. నిన్న కూడా ఆయన పళ్ళ డాక్టరు దగ్గరే ఉన్నారు, నోరు తెరుచుకుని.

జూన్ 10, ఆదివారం

ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికేముంది. ట్యూన్ కుదిరిన ప్రతిసారీ చెబుతానా.

మా ఆవిడకి సంగీతం రాదు. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని రెండు స్కూళ్ళకి యూనిఫారాలు కుడుతుంది. తొక్కుతూ ఏదో కూనిరాగం తీస్తుంది, అంతే. నేను స్వరాలు రాసుకునేటప్పుడు ఆ రాగం ఆపమని ఎన్నిసార్లు చెప్పానో. "ఒక ఇంట్లో ఒక సంగీతం చాలదా?" అంటే, "మీది స్టూడియో అద్దాల గదిలో ఉంది కదండీ, ఇంట్లో ఉన్నది నాదే," అంటుంది. మాటకి మాట బాగానే అందిస్తుంది.

జూన్ 14, గురువారం

పాటలు రాసేవాడు మాటలు రాసుకొచ్చాడు. నది, పడవ, వెన్నెల. బాగానే ఉన్నాయి. వాటిని మోసేది మాత్రం ట్యూనే.

జూన్ 21, గురువారం

రికార్డింగు. పద్నాలుగు వయొలిన్లు. పద్నాలుగు మందీ ఆ ఆగే చోట ఆగలేకపోయారు. కొందరు ముందే ఆగారు, కొందరు ఆగడమే మర్చిపోయారు. వయొలిన్ల పెద్దని అందరూ గడ్డం మాస్టారంటారు, ముప్పయ్యేళ్ళ అనుభవం. ఆయన విల్లు కిందకి దించి అడిగారు.

"ఇక్కడ ఎందుకు ఆగాలయ్యా? పాడేవాడు ఊపిరి తీసుకోవడానికైతే ఒక మాత్ర చాలు. ఈ ఒకటిన్నర ఏమిటి?"

"చేతిలో పని ఒకటి అయిపోతుంది మాస్టారూ, ఇంకోటి అందుకుంటాం కదా, ఆ మధ్యలో ఆగినట్టు ఆగాలి."

"కవికి చేతిలో పనేమిటి?" అన్నారు. అందరూ నవ్వారు.

పదిహేడో సారికి కుదిరింది. అద్దం అవతల పెద్దాయన దర్శకుడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నారు. మైకు ఆపి ఉంది, నాకు వినపడలేదు. వినపడకపోయినా తెలుసు.

జూలై 15, ఆదివారం

పాట బయటికొచ్చి మూడు రోజులు. కూరగాయల కొట్లో వినపడింది. మంగలి షాపులో వినపడింది. బస్సులో నా ముందు సీటువాడు ఈలవేశాడు, ఆ ఆగే చోట సరిగ్గా ఆగాడు కూడా. గడ్డం మాస్టారికి చెప్పాలి.

జూలై 18, బుధవారం

టీవీలో పెద్దాయన ఇంటర్వ్యూ. "ఒక సాయంకాలం నది ఒడ్డున ఒంటరిగా కూర్చున్నాను. అలలు వచ్చి ఆగుతున్నాయి. ఆ ఆగడం నన్ను పట్టుకుంది."

నది! ఆయనకి కుళాయి నీళ్ళు తప్ప వేరే నీళ్ళు తెలియవు. చేతిలో గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను. పక్క గదిలో మిషన్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ నడిచింది.

ఈసారి ఊరుకోను.

జూలై 22, ఆదివారం

ఇవాళ జరిగింది రాయాలా వద్దా అని పొద్దుటినుంచి ఆలోచిస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నాను.

అమ్మాయి కాలేజీ హాస్టలు నుంచి వచ్చింది. వంటింటి గడప మీద కూర్చుని ఫోనులో పాట పెట్టింది. పల్లవి అయిందో లేదో తలెత్తి, "నాన్నా, ఇది అమ్మ జేబుల పాట కదా?" అంది.

"ఏ పాట?"

"అదే, నా చిన్నప్పుడు అమ్మ చొక్కాలకి జేబులు కుడుతూ పాడేది. నేను మిషన్ కింద కూర్చునేదాన్ని. జేబుకి ఒక పక్క ఒక లైను, అడుగున ఒక లైను, రెండో పక్క ఒక లైను. కుట్టు అయ్యాక దారం పళ్ళతో టప్‌మని కొరికేది కదా. అప్పుడు పాట ఆగేది. ఇందులో అదే చోట ఆగింది చూడు." తను నవ్వుతోంది. తను సంతోషపడుతోంది. "అమ్మ పాట సినిమాలో పెట్టారా? అమ్మా, నాకెందుకు చెప్పలేదు?"

మా ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. గరిటె ఆగలేదు.

"నాకూ ఇప్పుడే తెలిసింది," అంది. "కంచాలు పెట్టు."



జూలై 23, సోమవారం

ప్రశాంతంగా ఆలోచిస్తే ఇందులో ఏమీ లేదు. ఆవిడ తీసేది కూనిరాగం. దానికి శ్రుతి లేదు, తాళం మిషన్‌ది. దాన్ని పట్టుకుని, రాగంలో కూర్చి, నాలుగు లైన్లకి సరిపెట్టి, చరణాలు కట్టి, పద్నాలుగు వయొలిన్లకి రాసింది ఎవరు? అయినా అది నేను కావాలని తీసుకోలేదు. చెవిలో పడి ఉంది, వచ్చేసింది. ఇంట్లో ఉన్న మనిషి చెవులు మూసుకుని బతుకుతాడా.

ఇదే ఆవిడకి చెప్పాను. మర్యాదగానే చెప్పాను. "గుడ్డ ఎవరిదైనా చొక్కా కుట్టినవాడి పనితనమే కదా. నీకు తెలియనిది కాదు," అన్నాను.

ఆవిడ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "కుట్టాక చొక్కా గుడ్డ తెచ్చినవాళ్ళకి ఇచ్చేస్తామండీ," అంది.

మాటకి మాట.

జూలై 30, సోమవారం

సంగీతకారుల యూనియన్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను, పెద్దాయన మీద. 'సదరు బాణీ పూర్తిగా నా సొంత సృష్టి' అని రాశాను. అందరూ అలాగే రాస్తారట, గుమాస్తా చెప్పాడు.

సెక్రటరీ ఒకప్పుడు వేణువు వాయించేవారు. మంచి మనిషి. "ఆయన పెద్దవాడు, నువ్వు అసిస్టెంటువి. నీ మాటకి బలం కావాలి. ఈ ట్యూన్ సినిమాకి ముందే నీ దగ్గర ఉందని చూపించగలవా?" అన్నారు.

ఆగస్టు 2, గురువారం

చూపించగలను.

అటక మీద పాత క్యాసెట్ల డబ్బా. ఒకదాని మీద నా చేతిరాత: 'అమ్మాయి మాటలు, మూడో ఏడు'. అప్పట్లో ట్యూన్లు పట్టుకునే టేపురికార్డరు అది, దాంట్లోనే పిల్ల మాటలు కూడా పట్టాను. పెట్టి విన్నాను. మొదట అమ్మాయి గొంతు: "అమ్మా, జేబుల పాట పాడవా." తర్వాత మిషన్ చప్పుడు. ఆ చప్పుడు మీద మా ఆవిడ గొంతు, పద్నాలుగేళ్ళ కిందటిది, ఎంత పల్చగా ఉందో. ఒక లైను, రెండు, మూడు. టప్. నాలుగు. చివర్లో ఇద్దరూ నవ్వుతున్నారు. వెనకాల ఎక్కడో నేను కూడా నవ్వుతున్నాను.

మళ్ళీ మళ్ళీ విన్నాను. బాగా పాడేది.

ఆగస్టు 3, శుక్రవారం

స్టూడియోలో కాపీ చేయించాను. మొదటి భాగంలో, అమ్మాయి గొంతు ఉన్నచోట, శబ్దం సరిగా లేదు. కత్తిరించాను.

ఆగస్టు 12, ఆదివారం

ఆఫీసు నుంచి కబురు. టేపు విన్నారట. పాడినావిడ వచ్చి అది ఎవరి ట్యూనో స్వయంగా చెప్పాలట. ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది. టేపు దొరికిందన్న సంబరంలో, అందులో ఉన్న మనిషి ఇంకా నోరున్న మనిషేనని మర్చిపోయాను.

ఆగస్టు 14, మంగళవారం

అడగలేకపోయాను.

ఆగస్టు 15, బుధవారం

అడగలేదు. కుళాయి బాగుచేశాను. ఆరు నెలలుగా కారుతోంది.

ఆగస్టు 16, గురువారం

అడిగాను. కాళ్ళు పట్టుకోలేదన్నమాటే గానీ అంతకంటే తక్కువేమీ చెయ్యలేదు. పందొమ్మిదేళ్ళ సంగతంతా చెప్పాను. ఈ ఒక్క పాట మీద నా పేరు పడకపోతే ఇక ఎప్పుడూ పడదన్నాను. నాకు నలభై ఎనిమిదేళ్ళు. నా వెనక చేరినవాళ్ళు సొంతంగా సినిమాలు చేస్తున్నారు. నేను ఇంకా స్టాండ్లు సర్దుతున్నాను.

ఆవిడ బొత్తాలు కుడుతోంది. అంతా విన్నది.

"ఇది నా పాటని నేను ఎవరికైనా చెప్పానా?" అంది.

"లేదు."

"మీరు ఒక్కసారి అడిగుంటే ఏమనేదాన్నో తెలుసా? తీసుకోండి అనేదాన్ని. రోజూ కుట్టే జేబుల దగ్గర పాడుకునేది, దానికేం పోయింది అనేదాన్ని. పిల్లకి చెప్పుకుని మురిసేదాన్ని."

కింద పడ్డ బొత్తం ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టాను.

"ఏం చెప్పాలో రాసివ్వండి," అంది. "స్వరాలు రాసివ్వడం మీకు అలవాటే కదా."

ఇది వెటకారమో ఒప్పుకోవడమో తెలియలేదు. కాగితం మీద నాలుగు వాక్యాలు రాసిచ్చాను. చదివి, మడిచి, సూదుల డబ్బాలో పెట్టుకుంది.

ఆగస్టు 20, సోమవారం

పొడుగాటి బల్ల. ఒక వైపు సెక్రటరీ, ఇంకో ఇద్దరు సభ్యులు. ఎదురుగా పెద్దాయన, దవడ మీద చెయ్యి. ఇంకా నొప్పి తగ్గినట్టు లేదు. ఈ వైపు నేను, పక్కన మా ఆవిడ, ఒళ్ళో సంచి.

టేపు పెట్టారు. గదిలో అందరూ కదలకుండా విన్నారు. ఆవిడ తన గొంతు తనే వింటూ బల్ల అంచు వైపు చూస్తోంది. నాలుగో లైను అయ్యాక నవ్వు వినపడకముందే టేపు ఆగిపోయింది. ఆ నవ్వూ నేను కత్తిరించాను. అది రాయడం మర్చిపోయాను మొన్న.

"మూడో లైను చివర ఆ టప్ ఏమిటి?" అని అడిగారు సెక్రటరీ.

"టేపు పాతది కదండీ, టేపు లోపం," అన్నాను.

ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది. నేను సెక్రటరీ వైపే చూశాను.

"అమ్మా, టేపులో పాడింది మీరేనా?"

"నేనేనండీ."

"ఈ ట్యూన్ ఎవరిది?"

నా గుండె చప్పుడు నాకే వినపడింది. నా జీవితంలో ఏ తాళమూ అంత గట్టిగా పడలేదు. ఆవిడ సంచి తెరవలేదు. కాగితం తియ్యలేదు.

"ఆయనదే."

"ఎప్పుడు కట్టారో, ఎలా కట్టారో చెప్పగలరా?"

"అలా వచ్చేసిందండీ," అంది. నా కాగితంలో ఆ మాట లేదు.

పెద్దాయన పెద్దగా వాదించలేదు. పేరు పక్కన పేరు వేయడానికి ఒప్పుకున్నారు. అది తన పెద్దమనసుగా రాసుకోమని కూడా చెప్పారు. బయటికి వెళ్తూ నా వీపు తట్టారు. "మొత్తానికి నా దగ్గర బాగానే నేర్చుకున్నావోయ్," అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఏదైనా అంటుందని ఎదురుచూశాను. తిట్టినా బాగుండేది. దిగే స్టాపు ముందు అంది: "అది టేపు లోపం అన్నారు చూడండి, ఆ ఒక్కటీ అనకుండా ఉండాల్సింది."

"అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు."

"ఎవరిదని అడిగారు, మీదన్నాను. నలుగురి ముందు అన్నాక ఇక మీదే. నాకక్కర్లేదు."

గెలిచాను. ఇవాళ తారీకు ఎర్ర సిరాతో రాయాలనుకున్నాను. కలం కనపడలేదు.

ఆగస్టు 27, సోమవారం

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పని బాగా సాగుతోంది.

సెప్టెంబరు 11, మంగళవారం

రీరికార్డింగ్. చివరి సీనుకి నేపథ్య సంగీతం. పడవవాడి కూతురు నది దాటి వస్తుంది. కవి తలవంచుకుని నిలబడి ఉంటాడు. ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంటుంది. మాటలు లేవు. రెండు నిమిషాల నలభై సెకన్లు, మొత్తం వయొలిన్లు. పెద్దాయన ఇదంతా నాకే వదిలేశారు.

మూడుసార్లు రాశాను, మూడుసార్లు చించాను. ఆమె పడవలోంచి కాలు బయట పెట్టే చోట చెయ్యి ఆగిపోతోంది. దర్శకుణ్ణి పిలిచి, "ఈమె ఎందుకు క్షమించింది? ఒక్క కారణం చెప్పండి, దాన్ని బట్టి రాసుకుంటాను," అన్నాను.

"కారణం ఎందుకండీ," అన్నాడు. "సంగీతం ఉందిగా."

రాశాను. బాగా వచ్చింది. గడ్డం మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఆ రెండు నిమిషాల నలభై సెకన్లలో ఒక్క స్వరం మీద కూడా నమ్మకం లేదు.

సెప్టెంబరు 23, ఆదివారం

అమ్మాయి ఫోను చేసింది. అమ్మతో అరగంట మాట్లాడింది. నాన్నకి ఇవ్వనా అంటే, చదువుకోవాలందట.

అక్టోబరు 5, శుక్రవారం

సినిమా విడుదల. రెండు టికెట్లు తెచ్చాను. యూనిఫారాలు ఇవ్వాల్సిన రోజు దగ్గరికొచ్చింది, మీరు వెళ్ళి రండి అంది. పక్క సీటులో నా సంచి పెట్టుకుని చూశాను.

నా పేరు పడింది. పరిగెత్తలేదు, తెర మధ్యలో నిలబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు సెకన్లు. మొదటిసారి పూర్తిగా చదివాను. పందొమ్మిదేళ్ళు ఎదురుచూసిన నాలుగు సెకన్లు. అక్షరదోషాలు కూడా లేవు.

పాట వచ్చింది. మూడో లైను. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ ఒకటిన్నర మాత్రలో పద్నాలుగు వయొలిన్లూ కలిసి ఆగాయి. నేను రాసినట్టే ఆగాయి. ఆ ఖాళీలో ఒక్క చిన్న చప్పుడు కోసం చెవులు రిక్కించాను. హాలులో రెండు వందల మంది ఉన్నారు. అక్కడ ఏదో ఉండాలని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏమీ లేదు. నాలుగో లైను వచ్చేసింది.

అక్టోబరు 8, సోమవారం

ఇవాళ ఇంట్లోనే ఉన్నాను. పని ఉందని కాదు. ముందు గదిలో ఆవిడ చొక్కాలకి జేబులు కుడుతోంది. స్వరాల కాగితం ఒకటి ముందేసుకుని, రాస్తున్నట్టు కూర్చుని విన్నాను.

మిషన్ ఒక పక్క నడిచింది. గుడ్డ తిప్పింది. అడుగున నడిచింది. గుడ్డ తిప్పింది. రెండో పక్క నడిచింది. గొంతు లేదు.

"పాడుకోవచ్చు కదా, నాకేం అడ్డం లేదు," అన్నాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి అన్నాను.

"ఏమన్నారు?" అంది.

"ఏం లేదు."

దారం తెంపాలి. నేను ఊపిరి బిగబట్టాను. ఆవిడ దారం కొరకడానికి వంగలేదు. డ్రాయరు లాగింది. కొత్త కత్తెర కొనుక్కుంది.